బాటసారి మూట: అనంతపుర సీమలో వండనవసరములేని ఆహారపు చరిత్ర

అనంతపురమునుండి పెనుకొండకు రహదారిపై దూరము సుమారు 70 కిలోమీటర్లు. నేడు బస్సెక్కినవాడు రెండు గంటలలో చేరగలడు. రైలుగాని మోటారుగాని లేని కాలమున ఇదే దూరము కాలినడకన మూడు దినముల ప్రయాణము. బాటసారి బయలుదేరునపుడు తన మూటలో ఏమి కట్టుకొనవలెను? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. కాని సమాధానము చెప్పవలెనన్న వాన, నేల, వంటచెరకు, గింజ స్వభావము, దేహమునకు కావలసిన శక్తి, వీటినన్నిటిని లెక్కలోనికి తీసికొనవలెను. అనంతపుర సీమ ప్రజలు ఈ లెక్కను తరతరముల అనుభవముతో తేల్చుకొనిరి. ఒకమారు, 1877లో, ఈ లెక్క పాలకుల చేతిలో తప్పెను. ఆకలితో నడచివచ్చినవారు ఆ తప్పునకు గురియైరి. ఆ తరువాత శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో ఇదే లెక్కను మరల కట్టినపుడు, వారికి దొరకిన సమాధానము పాతకాలపు బాటసారి మూటకు చాల దగ్గరగా ఉండెను. ఆ కథయే ఈ వ్యాసము.

నీరు తక్కువ, కట్టె తక్కువ

అనంతపురము పడమటి కనుమలకు తూర్పున, వానచాటు ప్రదేశమున నున్న పీఠభూమి. నైరుతి ఋతుపవనములు తెచ్చు మేఘములు కనుమలమీదనే చాలవరకు వర్షించిపోవును. తూర్పు తీరమునకు దూరముగా ఉండుటచే ఈశాన్య ఋతుపవనముల వానయు ఇచటికి కొలదిగానే వచ్చును. సంవత్సరమునకు సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొలదియైనను ఏటేట ఒకే తీరుగా పడదు. 2022 ఏప్రిలులో ఈ జిల్లా రెండుగా విభజింపబడగా పెనుకొండ, కదిరి, లేపాక్షి ప్రాంతములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఈ వ్యాసమున అనంతపుర సీమ యనగా ఈ రెండు జిల్లాల నేలయు నని గ్రహింపవలెను.

ఇట్టి నేలపై దూరము నడచువారు పూర్వము పలువురుండిరి. మేత వెదకుచు మందలను తోలుకొనిపోవు గొఱ్ఱెలకాపరులు, ఎద్దులపై ఉప్పు, ధాన్యము మోయించుకొని ఊరూర తిరుగు సుగాలీ వర్తకులు, బండ్లు తోలువారు, కదిరి నరసింహస్వామి తిరునాళ్ళకును, తిరుమలకును, శ్రీశైలమునకును పోవు యాత్రికులు అందరును ఈ దారుల నడచినవారే. వారందరికి ఒకే చిక్కు. దారిలో వంట చేయవలెనన్న కుండ కావలెను, కట్టె కావలెను, నీరు కావలెను, ఒక జాము కాలమును కావలెను. కిలో బియ్యము వండుటకు రెండు మూడు లీటర్ల నీరు పట్టును. కుండ, చెంబు కడుగుటకు మరికొంత నీరు కావలెను. విజయనగర రాజుల కాలమున నిర్మింపబడిన అనంతపురము, బుక్కపట్టణము చెరువులవంటి పెద్ద చెరువుల దాపున ఇది కష్టము కాదు. కాని రెండు చెరువుల నడుమ, ఎండిన వంకల దారిలో, లోతు బావినుండి చేదిన నీరు త్రాగుటకే చాలనపుడు, దానిని పొయ్యిమీద ఆవిరిగా పోనిచ్చుట బుద్ధిమంతుల పని కాదు.

కావున ఇచ్చటి బాటసారికి వండనవసరములేని తిండి రుచికొరకు ఎన్నుకొన్నది కాదు. నేల విధించిన నిబంధనకు అతడు కనుగొన్న సమాధానము అది.

సంగటినుండి బొరుగులవరకు

ఈ సీమ ప్రజల దారి తిండిని నిలువయుండు కాలమునుబట్టి మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటిది ఆ పూట తిండి. ఇంటినుండి బయలుదేరువాడు రాగిసంగటి ముద్దను గుడ్డలో కట్టుకొనును. సంగటిలో నీటి పాలు ఎక్కువ. వేసవి యెండలో అది ఒక దినము దాటకమునుపే పులిసిపోవును. సూక్ష్మజీవులు పెరుగుటకు పిండిపదార్థము, వెచ్చదనము, తేమ మూడును కావలెను. సంగటిలో ఈ మూడును సమృద్ధిగా ఉన్నవి.

రెండవది రెండు మూడు దినముల తిండి. జొన్నరొట్టె, సజ్జరొట్టె ఇందులో చేరును. పలుచగా తట్టి పెనముపై బాగుగా కాల్చి, ఎండనిచ్చిన రొట్టెలో తేమ చాలవరకు పోవును. పల్లెలో కాల్చిన ఎండురొట్టె, దానితో కారము నూరిన చెనిక్కాయల పొడి, ఇవి మూడుదినముల దారికి చాలును. సజ్జపిండిని మాత్రము పిండిగా మూటకట్టుకొని పోవువారు అరుదు. సజ్జలలో క్రొవ్వు సుమారు 5 శాతము కలదు. పిండి విసరినపుడు ఈ క్రొవ్వు గాలికి తగిలి కొలదిదినములలోనే చేదెక్కును. గింజగా ఉన్నంతకాలము ఈ చిక్కు లేదు.

మూడవది వారముల తరబడి నిలుచు తిండి. బొరుగులు, అటుకులు, జొన్నపేలాలు, పప్పులు (కోస్తావారు వీనినే పుట్నాలందురు), వేయించిన చెనిక్కాయలు అనగా వేరుశనగలు, ఎండుకొబ్బరి, బెల్లము. తొలి ఏకాదశినాడు తెలుగువారి యిండ్లలో చేయు పేలపిండియు ఈ జాతిదే. జొన్నలను పేలాలుగా వేయించి, విసరి, బెల్లము కలిపిన ఆ పిండికి ఇక పొయ్యి అక్కరలేదు. ఆకలైనపుడు నోట వేసికొని నీరు త్రాగుటయే.

ఈ సీమలో ఉగ్గాని యను ఫలహారము ప్రసిద్ధము. బొరుగులను నీట తడిపి, పిండి, తిరగబోతలో కలిపినంతనే అది సిద్ధమగును. అన్నము వండుటకు అరగంట పట్టుచుండగా ఉగ్గానిలోని గింజకు నీరు తగిలిన కొన్ని క్షణములలోనే మెత్తదనము ఎట్లు వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము వేపుడు మంగలములో ఉన్నది.

మంగలములో జరుగు మార్పు

పచ్చి బియ్యపు గింజలో పిండిపదార్థము గట్టి రేణువులుగా చేరియుండును. మన జీర్ణరసములు ఆ రేణువులలోనికి తేలికగా చొరలేవు. నీటితో ఉడికించినపుడు రేణువులు నీటిని పీల్చి, ఉబ్బి, విచ్చుకొనును. అప్పుడే అవి జీర్ణమునకు అనువగును. వంట యనగా ముఖ్యముగా ఈ మార్పే.

బొరుగులు చేయువారు ఈ మార్పును ముందుగనే జరిపించుదురు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, దంచిన బియ్యమునకు కొద్దిగా ఉప్పునీరు పట్టించి, కాగిన ఇసుకలో పోయుదురు. ఇసుక వేడి 200 డిగ్రీల సెంటీగ్రేడునకు పైబడియుండును. గింజలోపల మిగిలిన కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరియై బయటికి పోవజూచును. ఆ త్రోపుడుకు ముందే మెత్తబడిన పిండిపదార్థము పొంగి, పలుగదుల బుడగవలె గట్టిపడును. అదే బొరుగు. జొన్నపేలాల విషయమున గింజపొట్టు గట్టిగానుండి ఆవిరిని ఆపును. ఒత్తిడి మితిమీరినపుడు పొట్టు పగిలి లోపలి పిండి తెల్లగా విచ్చును. మొక్కజొన్న పేలాలపై జరిగిన పరిశోధనలలో గింజలు సుమారు 180 డిగ్రీల వద్ద పగులునని తేలినది.

ఈ పనిలో ఇసుక ఎందులకు? వట్టి మంగలములో గింజ అడుగుభాగము మాత్రమే మాడును. ఇసుక గింజను అన్ని వైపుల చుట్టుకొని వేడిని సమముగా అందించును. శనగలను తడిపి, ఇసుకలో వేయించి, పొట్టు తీసి పప్పులు చేయుటలోను ఇదే సూత్రము. ఒకచోట, ఒకమారు మండిన పొయ్యి వందమంది బాటసారుల వంటను ముందే ముగించును. అనగా దారిపొడవునను కావలసియుండిన కట్టె, నీరు, కాలము ఊరిలోని వేపుడు బట్టీలోనే ఖర్చయి, దారిలో మిగిలిపోవును.

ఇంకొక విశేషము గమనింపదగినది. కోస్తా తేమగాలిలో ఒక పూటకే మెత్తబడిపోవు బొరుగులు అనంతపురపు పొడిగాలిలో కరకరలాడుచు నిలుచును. బాటసారికి నీటిని దక్కనీయని ఆ పొడిగాలియే అతని తిండిని కాపాడుచున్నది.

బరువు లెక్క

దూరము నడచువానికి తిండి బరువు ముఖ్యము. నూరు గ్రాముల ఆహారము ఎంత శక్తి నిచ్చునో చూతము. భారతీయ ఆహారపదార్థముల పోషకవిలువలను గూర్చి డాక్టరు సి. గోపాలన్ ప్రభృతులు కూర్చిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల బొరుగులు 325 కెలోరీలు, అటుకులు 346, పప్పులు 369, బెల్లము 383, వేయించిన వేరుశనగలు 570, ఎండుకొబ్బరి 662 కెలోరీలు ఇచ్చును. వండిన అన్నములో మూడింట రెండువంతులు నీరే గనుక నూరు గ్రాములకు లభించునది సుమారు 120 కెలోరీలు మాత్రమే.

ఇక ఒక దినమునకు బొరుగులు, పప్పులు, వేరుశనగలు, బెల్లము ఒక్కొక్కటి 150 గ్రాముల చొప్పున కట్టుకొన్నచో మొత్తము 600 గ్రాములు. దాని శక్తి సుమారు 2,470 కెలోరీలు. మాంసకృత్తులు సుమారు 85 గ్రాములు. అంతే శక్తిని అన్నముగా మోయవలెనన్న రెండు కిలోల బరువు. మూడు దినములకు ఎండుతిండి 1.8 కిలోలు కాగా, అన్నము ఆరుకిలోలు దాటును. అందులోను రెండవదినపు అన్నము మొదటిదినము మాపటికే పాడగును.

పచ్చిబియ్యమును మోసికొనిపోరాదా యని విద్యార్థి ప్రశ్నింపవచ్చును. అది సరియైన ప్రశ్నయే. బియ్యము నూరు గ్రాములకు 345 కెలోరీలు. బరువులో బొరుగులకంటె నష్టము లేదు. కాని బియ్యముతోబాటు కుండను మోయవలెను, కట్టెను వెదకవలెను, నీటిని సంపాదింపవలెను. ఈ మూటిని కలిపి తూచినపుడు త్రాసు ఎండుతిండివైపే మొగ్గును.

బొరుగులలో ఒక లోపము లేకపోలేదు. తూకమునకు తేలిక, కాని చోటు ఎక్కువ తీసికొనును. 150 గ్రాముల బొరుగులకు సుమారు ఒకటిన్నర లీటరు చోటు కావలెను. దీనికి మన గృహిణులు కనిపెట్టిన ఉపాయము బెల్లపు పాకము. పాకముతో ఉండలు కట్టినచో బొరుగులు అణగి చోటు కలిసివచ్చును, చేయి చాపి తినుటకు అనువగును. చెనిక్కాయల ఉండలు, పప్పుల ఉండలు ఇట్టివే. ఇవన్నియు ఏ పల్లెటూరి అంగడిలోనైనను దొరకు వస్తువులు. ధనికుల తిండి కావు.

ఇతర దేశముల బాటసారులు

ఈ ఉపాయము ఒక్క తెలుగునేలకు పరిమితము కాదు. వేయించి విసరిన ధాన్యపు పిండిని సంస్కృతమున సక్తువందురు. ఋగ్వేదమునందే సక్తువు ప్రస్తావన కలదు. ఉత్తరభారతమున అదే సత్తూ యను పేర నేటికిని శ్రామికుల ఆహారము. టిబెట్టు పీఠభూమిపై వేయించిన యవలపిండిని త్సంపా యందురు. మెక్సికో ప్రాంతపు ప్రజలు వేయించిన మొక్కజొన్నపిండిని పినోలె యను పేర దూరప్రయాణములలో వాడిరి. గింజ వేరు, భాష వేరు, కాని ఉపాయము ఒక్కటే. పిండిపదార్థము స్వభావము, వేడి స్వభావము ఎచ్చటనైనను ఒక్కటే గనుక, ఒకరినుండి ఒకరు నేర్చుకొనకయే పలువురు ఒకే దారి త్రొక్కిరి.

మన దేశమున దీనికి ఆచారపు కారణము కూడ తోడైనది. పూర్వకాలపు నిష్ఠాపరులు దారిలో ఇతరులు వండిన అన్నమును ముట్టెడివారు కారు. నీటితో ఉడికించనట్టి వేపుడు తిండికి ఆ పట్టింపు తక్కువ. వెంట పరివారమున్న ప్రయాణికులకును మజిలీ వెదకుట నిత్యకృత్యమే. మదరాసునుండి 1830 మే 18న బయలుదేరి కాశికి పోయి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రలో మజిలీ మజిలీకి నీటి వసతి, దొరకు సరుకులు మొదలగువానిని వ్రాసికొనెను. ఆ కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడెను. పల్లకి, బోయీలు, పరివారము గలవారికే నీరు, సరుకు అంత ముఖ్యములైనచో, ఒంటరి బాటసారికి మూట ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును.

మూటలోనికి వచ్చిన క్రొత్త గింజ

నేడు అనంతపురమనగానే వేరుశనగ జ్ఞప్తికి వచ్చును. కాని ఈ పంట ఇచట సనాతనమైనది కాదు. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. యూరోపియనులు సముద్రమార్గములు కనుగొన్న తరువాతనే అది ఇతర ఖండములకు వ్యాపించెను. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మదరాసు రాజధానినుండి ఫ్రాన్సు దేశపు మార్సేల్స్ రేవునకు నూనెకొరకు వేరుశనగ విస్తారముగా ఎగుమతియాయెను. లోతు తక్కువగు ఎఱ్ఱనేలలలో, కొలదివానతో పండగల పంట గనుక అది క్రమముగా అనంతపుర సీమను ఆక్రమించెను. ఇరువదవ శతాబ్ది చివరి దశకములలో అవిభక్త జిల్లాలో కొన్ని సంవత్సరములు ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగయే సాగైనది. కదిరిలోని వ్యవసాయ పరిశోధనాకేంద్రమునుండి ఈ నేలకు తగిన రకములు వెలువడినవి.

బాటసారి మూటకు దీనివలన గొప్ప లాభము కలిగెను. జొన్న, శనగ, బెల్లములలో క్రొవ్వు తక్కువ. క్రొవ్వు గ్రామునకు 9 కెలోరీలిచ్చును, పిండిపదార్థము 4 మాత్రమే. వేరుశనగలో దాదాపు 40 శాతము క్రొవ్వుండుటచే, పిడికెడు గింజ చేరినంతనే మూట బరువు పెరగకయే శక్తి పెరిగెను. అయితే నష్టమును లేకపోలేదు. వేరుశనగ విస్తరించినకొలది కొఱ్ఱ, సజ్జ, జొన్న చేలు తగ్గినవి. ఒకే పంటను నమ్మిన రైతు వాన తప్పిన ఏడు ధాన్యమును, ధనమును రెండింటిని కోల్పోవలసివచ్చినది.

1877: ఒక పౌను ప్రశ్న

వేరుశనగ ఇంకను ఈ సీమను నింపని కాలమున, 1876లో, ఋతుపవనములు విఫలమాయెను. నేటి అనంతపుర సీమలో చాలభాగము అప్పుడు బళ్ళారి జిల్లాలో చేరియుండెను. అనంతపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1882లో. 1876-78 సంవత్సరముల కరవున మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి యొకటి. గుత్తిమీదుగా మదరాసు-రాయచూరు రైలుమార్గము 1871లోనే పూర్తియైయుండెను. రైలు ధాన్యమును స్టేషనువరకు తేగలదు. అచటినుండి పల్లెకు మోయవలసినవి ఎద్దులు. మేత, నీరు లేక ఎద్దులు చచ్చుచుండ, ధాన్యము మనిషివద్దకు పోలేకపోయెను. మనిషియే ధాన్యమువద్దకు నడువవలసివచ్చెను.

ఆకలితో వచ్చినవారికి ప్రభుత్వము చెరువు త్రవ్వుట, రోడ్డు వేయుట, కంకర కొట్టుట వంటి పనులు కల్పించి కూలి ఇచ్చెను. వైస్రాయి లిట్టన్ ప్రభువు 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరవు పరిస్థితుల పరిశీలనకు పంపెను. ఖర్చు తగ్గింపవలెనను పట్టుదలతో వచ్చిన టెంపుల్, వయోజనునకు దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించెను. మదరాసు రాజధాని శానిటరీ కమీషనరు డాక్టరు విలియం కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించెను. పనిచేయు మనిషికి కనీసము పౌనున్నర ధాన్యము, దానితో కూరగాయలు, మాంసకృత్తులు కావలెనని ఆయన వాదించెను.

ఎవరి మాట నిజము? ఆహారశక్తిని కెలోరీలలో కొలిచి పట్టికలు కట్టుట ఆ శతాబ్దపు చివరి దశకములలో అమెరికాలో అట్వాటర్ మొదలగువారి కృషివలన వ్యాపించినది. కావున నాటివారికి లేని కొలబద్ద నేడు మనకు కలదు. పౌను అనగా సుమారు 454 గ్రాములు. ధాన్యము నూరు గ్రాములకు 345 కెలోరీల చొప్పున దాని విలువ సుమారు 1,560 కెలోరీలు. భారత వైద్య పరిశోధనామండలి 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారము 65 కిలోల బరువుగల పురుషునకు కూర్చుండి చేయు పనికి 2,110, మధ్యరకపు పనికి 2,710, కష్టమైన పనికి 3,470 కెలోరీలు కావలెను. నాటి కృశించిన దేహముల బరువు తక్కువయని కొంత తగ్గించినను, కంకర కొట్టువానికి ఒక పౌను చాలదని తేలుచున్నది. మిగిలిన శక్తిని దేహము తన కండనుండియే తీసికొనును. పైగా చేతికి వచ్చినది పచ్చిధాన్యము. దానిని వండుటకు కట్టె, నీరు వెదకుటయు కూలివాని పనియే.

శిబిరములలో పెరుగుచున్న మరణములను కార్నిష్ చూపగా, 1877 మే నెలలో మదరాసు ప్రభుత్వము కూలిని పెంచెను. ఆ కరవులో దక్షిణభారతమున లక్షలాది ప్రజలు మరణించిరి. ఆ మరణములన్నిటికి ఈ కూలి నిర్ణయమే కారణమనరాదు. పంట లేమి, ధరల పెరుగుదల, కలరా, జ్వరములు అన్నియు కలిసి పనిచేసినవి. కాని బలహీనమైన దేహమునకు రోగమును ఎదుర్కొను శక్తి తగ్గునని నేడు పాఠశాల విద్యార్థికిని తెలియును. 1880లో కరవు సంఘపు నివేదిక, 1883లో కరవు నిబంధనావళి వెలువడుటకు ఈ అనుభవమే పునాది.

బాటసారి మూటకును ఈ చరిత్రకును సంబంధమేమి? తిండిని తూకముతో మాత్రము కొలువరాదనుటయే. అందులో శక్తి యెంత, మాంసకృత్తులెన్ని, తినువాడు చేయు పని ఏమి, వండుకొను వీలున్నదా, ఈ నాలుగును కలిపి అడుగవలెను. గొఱ్ఱెలకాపరి మూట కట్టుకొనునపుడు తెలియకయే ఈ నాలుగును ఆలోచించును. 1877 నాటి ఉత్తరువులో ఆ ఆలోచన కొరవడెను.

ప్రయోగశాల ఇచ్చిన సమాధానము

ఇరువదవ శతాబ్దమున ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు చేపట్టిరి. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను. మైసూరులో 1950లో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాసంస్థ వెలసెను. మైసూరు సంస్థ నూనె తీసిన వేరుశనగపిండి 75 పాళ్ళు, శనగపిండి 25 పాళ్ళు కలిపి, విటమినులు, కాల్షియము చేర్చి బహుళార్థక ఆహారమును తయారుచేసెను.

హైదరాబాదు సంస్థ రూపొందించినది హైదరాబాదు మిశ్రమము. వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేయించిన వేరుశనగ 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు కలిపి పొడి చేయుదురు. ఈ 86 గ్రాములలో 330 కెలోరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు కలవు. పోషకాహారలోపముతో కృశించిన పిల్లలకొరకు దీనిని ఉద్దేశించిరి. పాఠకులు ఈ పట్టికను మరల చూడవలెను. గోధుమకు బదులు జొన్న యని చదివినచో ఇది అనంతపురపు బాటసారి మూటయే.

ఈ పోలిక ఆకస్మికము కాదు. బాటసారికి మూట చిన్నది, శిశువునకు కడుపు చిన్నది. ఇద్దరికిని కొద్దిచోట ఎక్కువ శక్తి ఇముడవలెను. ఇద్దరికిని వంట సౌకర్యము అరుదు. ధాన్యపు మాంసకృత్తులలో లైసీను తక్కువ, శనగలో ఎక్కువ. శనగలో తక్కువగు మెథియోనీను ధాన్యములో కొంత మెరుగు. అందుచే రెండును కలిసినపుడు ఒకదాని కొరతను మరియొకటి తీర్చును.

1990వ దశకమున ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఆండ్రే బ్రియాన్, ఆహార ఇంజనీరు మిషెల్ లెస్కాన్ వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమినులు, లవణములు కలిపి ప్లంపీనట్ అను పొట్లమును తయారుచేసిరి. 92 గ్రాముల పొట్లము 500 కెలోరీలిచ్చును. నీరు కలుపనక్కరలేదు, నిప్పు అక్కరలేదు. ఆఫ్రికా కరవు శిబిరములలో ఇట్టి ఆహారము చూపిన ఫలితములతో, 2007లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, యూనిసెఫ్ మొదలగు సంస్థలు తీవ్ర పోషకాహారలోపమునకు ఇంటివద్దనే చికిత్స చేయవచ్చునని సమ్మతించినవి.

జాగ్రత్తలు

ఈ తిండిలో కొన్ని అపాయములు కలవు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు హఠాత్తుగా చనిపోయెను. వాని మేతలోని వేరుశనగపిండిలో పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు విడిచిన విషమే కారణమని తేలెను. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి. కోతకు ముందు వాన లేక పైరు వాడినపుడు ఈ బూజు కాయలోనికి చేరుట కద్దు. కావున కరవునేలలో ఈ జాగ్రత్త మరింత అవసరము. వేయించినంతమాత్రమున ఈ విషము పూర్తిగా నశింపదు. బూజు పట్టినవి, ముడుచుకొన్నవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారవేయవలెను. తినుటకు పనికిరావని వానిని పశువులకును వేయరాదు.

రెండవది నీరు. ఎండుతిండి నీటిని మోయు బరువును తప్పించును గాని, నీటి అవసరమును తప్పింపదు. వేసవిలో నడచువాడు చెమటరూపమున లీటర్లకొలది నీటిని, దానితో ఉప్పును కోల్పోవును. నీరు దొరకనిచోట పప్పులు, చెనిక్కాయలు కడుపునిండ తినుట దాహమును పెంచును. తరువాతి బావి ఎచటనున్నదో తెలిసికొనుటయు మూట కట్టుటలో భాగమే. మూడవది, ఈ తిండిలో సి విటమిను దాదాపు లేదు. మూడు నాలుగు దినములకు ఇది లోపము కాదు. వారములు సాగు నడకకు దారిలో జామ, ఉసిరి, నిమ్మ వంటివి చేర్చుకొనవలెను.

దారి ఇంకను ముగియలేదు

కాలినడక గతించిన కాలపు మాట యని తలచుట పొరపాటు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధింపబడినపుడు వలసకూలీలు బిడ్డలను భుజమున వేసికొని జాతీయ రహదారులవెంట వందల కిలోమీటర్లు నడచిరి. శ్రీనగరునుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారి గుత్తి, అనంతపురము, పెనుకొండలమీదుగనే సాగుచున్నది. అట్టి సమయమున బాట ప్రక్కన నిలిచి దయతో ఇచ్చిన అన్నపు పొట్లము ఆ పూటకు ప్రాణాధారమే. కాని మరుసటి పూటకు అది పాడగును. పిడికెడు పప్పులు, పిడికెడు చెనిక్కాయలు, బెల్లపు గడ్డ, బొరుగుల పొట్లము, సీసాడు నీరు ఇచ్చినచో రెండు దినముల నడకకు తోడగును. ఈ లెక్క తెలిసియుండుట ఎప్పుడు ఎవరికి అవసరమగునో చెప్పజాలము.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చేయింపవచ్చును. ఒక త్రాసు, నాలుగు పొట్లములు, పోషకవిలువల పట్టిక చాలును. ముప్పది కిలోమీటర్ల నడకకు మూట కట్టుమని విద్యార్థులను అడిగి, బరువు, శక్తి, మాంసకృత్తులు, ఖర్చు, దారిలోని బావులు లెక్కకట్టింపవలెను. పిదప ఒక పౌను ధాన్యమును తూచి వారి ముందుంచి, 1877లో ఒక మనిషి దినమంతయు కంకర కొట్టుటకు ఇచ్చినది ఇదియేనని చెప్పవలెను. ఆ కుప్పను కన్నులార చూచిన విద్యార్థి కార్నిష్ ఏల వాదించెనో తానే గ్రహించును.